ఎనిమిది పెట్టెలు విప్పిన రోజు

"అయితే ఫ్లాస్కు తనంతట తానే పగిలిందన్నమాట," అన్నాడు నాన్న మూడోసారి.

పావుగంటగా ఇదే నడుస్తోంది. నానమ్మ రాత్రిళ్ళు వేడినీళ్ళు పోసి పెట్టుకునే ఫ్లాస్కు బల్ల మధ్యలో ఉంది. పైకి దానికేమీ కాలేదు. నీలం డబ్బా, తెల్ల మూత, ఎప్పటిలాగే ఉంది. ఊపితే మాత్రం లోపల గాజుపెంకులు గలగలమంటున్నాయి. పగలగొట్టినవాళ్ళెవరో శుభ్రంగా తుడిచి, మూత బిగించి, అలమరలో దాని చోట దాన్ని పెట్టేశారు.

"నేను తొమ్మిదింటికే పడుకున్నాను. నన్నడక్కండి," అంది అమ్మ స్టవ్ దగ్గర్నుంచి వెనక్కి తిరక్కుండానే.

"రాత్రి అందరం పడుకున్నాం. పడుకున్నవాళ్ళ మీద అనుమానం లేకపోతే ఇంక మిగిలింది ఫ్లాస్కే."

"నేనే పగలగొట్టాననుకోరా, పీడా పోతుంది," అంది నానమ్మ.

"అనుకుంటే కుదరదమ్మా. లెక్కకి ఆధారం కావాలి."

నాన్న ముప్ఫై ఏళ్ళుగా బళ్ళో లెక్కలు చెబుతున్నాడు. ఆయన ఎవర్నీ కొట్టడు, గొంతు పెంచడు. నవ్వుతూ ప్రశ్న అడుగుతాడు, జవాబు వచ్చేదాకా అదే ప్రశ్న మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. ఒప్పుకున్నాక ఆ కథని ఆర్నెల్లపాటు ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చెబుతాడు. దెబ్బలైతే ఒక పూటలో మానేవి. అందుకే ఆ ఇంట్లో పగిలిన గ్లాసు పాత పేపర్లో చుట్టుకుని పక్క వీధి చెత్తడబ్బాకి వెళ్ళేది. మాడిన గిన్నె పెరట్లో బూడిద కింద దాక్కునేది. నానమ్మ కళ్ళజోడు కాలు విరిగితే నల్లదారంతో కట్టుకుని, దాని మీదికి జుట్టు లాక్కుని రెండు నెలలు తిరిగింది.

అమ్మడు తలెత్తకుండా టిఫిన్ తింటోంది. ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతున్నా ఇంట్లో ఇంకా అమ్మడే. ఫ్లాస్కు సంగతి తనకు తెలియదు. అయినా నాన్న "ఎవరు?" అన్నప్పుడల్లా ప్లేటు మీదికి ఇంకాస్త వంగుతోంది. ఫలితాలు వచ్చి పదిహేడు రోజులైంది. మెషిన్ డిజైన్ పోయింది. ఆ రోజు నాన్న, "అన్నీ పాసే కదా?" అంటే, "ఊఁ," అంది. అంతే. అబద్ధం ఆడటానికి పూర్తి మాట కూడా అక్కర్లేకపోయింది.

"పదవే, ఆలస్యమైతే గేటు దగ్గరే నిలబెడతారు," అంటూ అన్నయ్య బండి తాళాలు తీశాడు.

కాలేజీ వాళ్ళు ఆ గురువారం, శుక్రవారం రెండు కంపెనీలు చూపిస్తున్నారు. మొదటిది అన్నయ్య పనిచేసే టెక్నాలజీ కంపెనీ. రెండోది ఆస్పత్రి పరికరాలు చేసే ఫ్యాక్టరీ.

పెద్ద కూడలిలో ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు అన్నయ్య మెల్లగా, "ఫ్లాస్కు నేనే," అన్నాడు.

"నువ్వా! మరి చెప్పొచ్చుగా?"

"నువ్వైతే చెబుతావా? ఆరో క్లాసులో సోషల్లో నాకు పదకొండు మార్కులొచ్చిన సంగతి మొన్న ఇంటికొచ్చిన మా మేనేజర్‌కి కూడా చెప్పాడు నాన్న. ఆయనేమో ఇప్పుడు మీటింగుల్లో నన్ను దేశాల రాజధానులు అడుగుతున్నాడు."

అమ్మడు పకపకా నవ్వింది. నవ్వు ఆగాక, ఇదే సమయం అనిపించింది. "అన్నయ్యా, నీకో మాట చెప్పాలి..."

పచ్చలైటు పడింది. వెనక హారన్లు మోగాయి. "సాయంత్రం చెప్పు," అని అన్నయ్య బండి ముందుకి దూకించాడు.

ఆ కంపెనీలో గోడలన్నీ అద్దాలే. పెద్ద పెద్ద గోదాముల్లో సరుకు మోసే యంత్రాలకి దారి చెప్పే ప్రోగ్రాములు అక్కడ రాస్తారు. పొట్టిజుట్టు ఇంజనీరు ఒకావిడ వాళ్ళని పెద్ద తెర ముందు కూర్చోబెట్టి వరసలు వరసలుగా ఉన్న పట్టిక ఒకటి చూపించింది.

"మా ప్రోగ్రాముల్లో ఇవాళ్టికున్న తప్పులివి. నాలుగువందల పన్నెండు."

పిల్లలు నవ్వారు. ఆవిడా నవ్వింది. "నవ్వండి, పరవాలేదు. ఇవి మాకు తెలిసిన తప్పులు. వీటితో నాకు భయం లేదు. ప్రతి తప్పు పక్కనా ఒక పేరుంది, చూశారా? అది తప్పు చేసినవాళ్ళ పేరు కాదు. కనిపెట్టినవాళ్ళది. చేసినవాళ్ళ పేరు రాసే గడి అసలు లేదు."

ఎందుకో తెలియకుండానే అమ్మడు ఆ మాట నోటుబుక్కులో రాసుకుంది.

భోజనాల వేళ అన్నయ్య తనని మేనేజర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా తియ్యని అన్నయ్య, అక్కడ చేతులు ముందుకి కట్టుకుని నిలబడ్డాడు. "మా చెల్లి సార్. నేను చెప్పానే, ఆర్నెల్ల ట్రైనింగ్ గురించి. ఇంతవరకు ఒక్క సబ్జెక్టూ పోలేదు."

"ఉన్నవి రెండే సీట్లు," అన్నాడు మేనేజరు. "ఒకటి మీ అన్నయ్య మాట మీద ఆపి ఉంచాను. సోమవారంలోగా ఫారం, మార్కుల జాబితా పంపించమ్మా."

అమ్మడు మళ్ళీ, "ఊఁ," అంది. సోమవారం మార్కుల జాబితా చూడగానే ఆ మేనేజరు ముందు తల దించుకోవలసింది తను కాదు, అన్నయ్య. ఆ సాయంత్రం ఇంటికెళ్ళే దారంతా అన్నయ్య ఈల వేస్తూనే ఉన్నాడు. అంత సంతోషంగా ఉన్నవాడికి చెప్పడానికి నోరు రాలేదు.

మర్నాడు కాలేజీ బస్సు ఊరి చివర ఒక పొడవాటి తెల్ల షెడ్డు ముందు ఆగింది. నిన్నటి అద్దాలు ఇక్కడ లేవు. గేటు రంగు పెచ్చులూడింది, గోడ పొడవునా సైకిళ్ళు వరసగా ఉన్నాయి. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని పడుకోబెట్టే ఇంక్యుబేటర్లు అక్కడ తయారవుతాయి. పనివాళ్ళు మాత్రం వాటిని 'పెట్టెలు' అనే అంటారు.

లోపలికి వెళ్ళేముందు గదిలో, "వాచీలు, ఉంగరాలు, పెన్నులు, తలపిన్నులు అన్నీ ఈ పళ్ళెంలో పెట్టండి," అన్నాడు గేటతను. తెల్ల కోటు, టోపీ, బూట్ల మీదికి సాగే గుడ్డ తొడుగులు ఇచ్చాడు. అమ్మడిది ఒత్తయిన జుట్టు. నుదుటి మీది పాయ ఒకటి చచ్చినా మాట వినదు. ఐదు పిన్నులు తీసి పళ్ళెంలో వేసింది. ఆరోది తీస్తే ఆ పాయ కళ్ళల్లో పడుతుంది. టోపీ కింద ఎవరు చూడొచ్చారులే అని ఉంచేసుకుంది.

లోపల రోలర్ల మీద పెట్టెలు ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా కదులుతున్నాయి. రెండు పక్కలా ఇరవై మందికి పైగా పనివాళ్ళు. నాలుగో చోట ముప్ఫై అయిదేళ్ళ ఆవిడ ఒకరు ఫ్యాను బిగించి, కళ్ళు మూసుకుని దాని చప్పుడు వింటోంది. అందరూ ఆమెని అక్కా అనే పిలుస్తున్నారు.

"దగ్గరికి రండి. వంగి చూడండి, ముట్టుకోకండి," అంది అక్క. "ఈ గాలి హీటరు మీంచి వెళ్ళి, బిడ్డ చుట్టూ తిరిగి, మళ్ళీ ఇక్కడికే వస్తుంది. తల్లి ఒళ్ళో ఎంత వెచ్చగా ఉంటుందో అంతే ఉండాలి. కాస్త అటూ ఇటూ అయినా గంట మోగుతుంది."

అమ్మడు అందరికంటే ఎక్కువసేపు వంగి చూసింది. "మీకు పిల్లలున్నారా అక్కా?"

"ఒక్కడు. వాడూ ఇట్లాంటి పెట్టెలోనే ముప్ఫై ఆరు రోజులున్నాడు. అరచేతిలో పట్టేవాడు. ఇప్పుడు వాడి ఒక్క చెప్పులో నా రెండు కాళ్ళూ పడతాయి."

పదకొండున్నరకి టీ ఇచ్చారు. టీ గదిలో టోపీ సర్దుకోబోతే పాయ జారి కళ్ళ మీద పడింది. చెవి పైన తడుముకుంది. పిన్ను లేదు.

టోపీ తీసి దులిపింది. కోటు జేబులు చూసింది. బల్ల కింద, వచ్చిన దారిలో వెతికింది. ఎక్కడా లేదు. వంగి చూసినప్పుడు పెట్టె మూత తెరిచే ఉంది. ఆ పెట్టెకి ఇప్పుడు మూత పడిపోయి ఉంటుంది. అటూ ఇటూ ఉన్న పెట్టెలకీ పడి ఉంటుంది.

పక్కన కూర్చున్న పొడుగమ్మాయి, అమ్మడి స్నేహితురాలు, సంగతి విని గుసగుసగా కసిరింది. "నోరు మూసుకుని టీ తాగు. నేల మీద ఎక్కడో పడి ఉంటుంది. ఇంత పెద్ద ఫ్యాక్టరీ, వాళ్ళు చూసుకోరా? మనతో వచ్చిన ప్రొఫెసర్‌కి తెలిస్తే నిన్ను ఉప్పు, కారం పెట్టి తినేస్తాడు."

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. అమ్మడికి అది అలవాటైన పనే. పద్దెనిమిది రోజులుగా చేస్తున్నదే. కానీ గ్లాసు నోటి దాకా వెళ్ళలేదు. హీటరు పక్కన ఇనప ముక్క, అరచేతిలో పట్టే బిడ్డ, ముప్ఫై ఆరు రోజులు... గ్లాసు బల్ల మీద పెట్టి లేచి, రోలర్ల దగ్గరికి నడిచింది.

"అక్కా, నా తలపిన్ను పోయింది. మీ దగ్గర వంగినప్పుడు పడిందేమో. పడిందో లేదో నాకు తెలీదు."

అక్క "నిజమా?" అనలేదు, "ఎందుకు పెట్టుకున్నావు?" అనలేదు. చెయ్యెత్తి తల పైన వేలాడుతున్న ఎర్రతాడు లాగింది.

పసుపు దీపం వెలిగింది. పిల్లల బొమ్మలో వచ్చేలాంటి పాట ఒకటి మోగింది. రోలర్లు ఆగిపోయాయి. ఇరవై మందీ పనిముట్లు కింద పెట్టి చేతులు వెనక్కి తీసుకున్నారు. అందరూ తనవైపే చూస్తుంటే అమ్మడికి చెవులు వేడెక్కాయి.

ఆ లైనంతటినీ చూసుకునే పెద్దాయన అటు చివర్నుంచి వచ్చాడు. బట్టతల, మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు. పరుగెత్తలేదు. మామూలుగా నడిచే వచ్చాడు.

"ముందు థాంక్సమ్మా," అన్నాడు అమ్మడితో. "ఇప్పుడు చెప్పు. పిన్ను ఉందని నీకు చివరిసారి ఎప్పుడు తెలుసు?"

ఈలోగా ప్రొఫెసరు పరుగున వచ్చాడు. "ఎవరు? ఎవరది? పిన్నులు తియ్యమని చెప్పలేదా? కాలేజీ పరువు తీస్తారా?"

"సార్, మీ టీ చల్లారిపోతుంది," అన్నాడు పెద్దాయన మర్యాదగా. "ఇది మా పని. మేం చూసుకుంటాం."

వేళ లెక్క చూశారు. అమ్మడు వంగినప్పటినుంచి ఎనిమిది పెట్టెలు ముందుకి వెళ్ళాయి. రెండు అప్పటికే అట్టపెట్టెల్లోకి కూడా ఎక్కాయి. అన్నింటినీ వెనక్కి తెప్పించారు. ఒకతను అయస్కాంతం కట్టిన కర్రతో నేలంతా తుడుస్తూ పోయాడు. మిగతావాళ్ళు పెట్టెలు విప్పడం మొదలుపెట్టారు.

అమ్మడు గోడకి అతుక్కుని నిలబడింది. ఒక్కరైనా తిడితే బావుండుననిపించింది. అక్క స్క్రూడ్రైవరు తిప్పుతూనే పిలిచింది. "అక్కడేం చేస్తున్నావు, పెళ్ళికూతురిలా? ఇట్రా. తీసిన స్క్రూలు లెక్కపెట్టు. పెట్టెకి పద్నాలుగు. తక్కువొస్తే కేకెయ్యి."

ఆ మాటకి అమ్మడికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఏదో ఒక పని చెప్పినందుకు. పళ్ళెం ముందు కూర్చుని లెక్కపెట్టింది. పద్నాలుగు, మళ్ళీ పద్నాలుగు. ఒక్కో పెట్టె తెరవగానే అక్క టార్చి వేసి చూసి, "లేదు," అనేది. ఎనిమిదో పెట్టె కూడా విప్పారు. లేదు.

"పెట్టెల్లో లేదు, నేల మీద లేదు," అంది అక్క నడుం మీద చేతులు పెట్టుకుని. "ఏదీ, నీ కాళ్ళ తొడుగులు విప్పు."

ఎడమ కాలి తొడుగు మడతలోంచి పిన్ను జారి, సిమెంటు నేల మీద 'టింగ్'మంది.

టీ గదిలోంచి వచ్చి చూస్తున్న క్లాసంతా గొల్లుమంది. "పిన్నమ్మగారూ, దొరికిందా అండీ?" అని వెనకనుంచి ఎవరో అరిచారు. అమ్మడికి తల ఎత్తాలనిపించలేదు. యాభై నిమిషాలు. ఎనిమిది పెట్టెలు. పిన్ను తన కాలి దగ్గరే ఉంది.

పెద్దాయన పిన్ను తీసుకుని, ఒక బోర్డు దగ్గరికి వెళ్ళాడు. బోర్డు మీద మూడు గళ్ళున్నాయి: ఏం జరిగింది, ఎందుకు జరిగింది, రేపటినుంచి ఏం మారుస్తాం. మొదటి గడిలో రాసేసి, సుద్దముక్క పట్టుకుని వెనక్కి తిరిగాడు.

"ఎందుకు ఉంచుకున్నావమ్మా పిన్ను?"

అది నాన్న అడిగే ప్రశ్నలా లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాడు. "జుట్టు కళ్ళల్లో పడుతుందని సార్. టోపీ ఆపదు."

"ఇంకెవరికైనా ఆ బాధ ఉందా?" అని లైను వైపు చూసి అడిగాడు. అక్క చెయ్యెత్తింది. ఇంకో ఆరుగురు ఆడవాళ్ళు ఎత్తారు. పెద్దాయన తన బట్టతల తడుముకున్నాడు. "నాకు ఆ అదృష్టం లేదుగా, ఇన్నేళ్ళూ తట్టలేదు. పిన్ను తియ్యమంటున్నాం, బదులుగా ఏమీ ఇవ్వట్లేదు." మూడో గడిలో రాశాడు: 'లోపలికి వచ్చే గదిలో అద్దం, రబ్బరు బ్యాండ్లు. బయటికి వచ్చేటప్పుడు కాళ్ళ తొడుగులు దులపాలి.'

"సార్, సారీ. ఊరికే ఇంతమంది పని చెడగొట్టాను. పెట్టెల్లో అసలు లేనే లేదు."

"లేదని ఇప్పుడు తెలిసింది. టీ తాగేటప్పుడు తెలీదు కదా." కళ్ళజోడు తీసి కోటుకి తుడుచుకున్నాడు. "ఈ తాడు లేని రోజుల్లో నేనూ ఒక చిన్న సంగతి చెప్పకుండా ఊరుకున్నానమ్మా. బోల్టు కింద వేసే వాషర్ ఒకటి లెక్కకి తక్కువొచ్చింది. తిడతారని భయం. పెట్టె వెళ్ళిపోయింది. పదకొండో రోజు నోరు విప్పితే దాన్ని వెనక్కి తెప్పించారు. ఏమీ కాలేదు, ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఆ పదకొండు రోజులు నేను ఏం తిన్నానో, ఎప్పుడు పడుకున్నానో నాకు గుర్తు లేదు."

అమ్మడు తలొంచుకుని వింది. పదకొండు రోజులు ఎలా ఉంటాయో తనకి తెలుసు. ఇంకో ఏడు ఎక్కువే తెలుసు.

అందరూ బస్సు వైపు వెళుతుంటే తను వెనకబడింది. "సార్, మీ దగ్గర ట్రైనింగ్‌కి తీసుకుంటారా? అంటే... ఒక సబ్జెక్టు పోయినవాళ్ళని?"

ఆ మాట మొదటిసారి పైకి అంది, తన పేరు కూడా తెలియని మనిషి ముందు.

"ఏది పోయింది?"

"మెషిన్ డిజైన్."

"అబ్బో, సరిగ్గా మాకు కావలసిందే పోగొట్టుకున్నావు!" పెద్దాయన గట్టిగా నవ్వాడు. ఆ నవ్వులో ముల్లు లేదు. "రాసి పాసై రా. వచ్చే ఏడు ఎండాకాలంలో ముగ్గుర్ని తీసుకుంటాం. ఇదిగో, పరీక్షకి చదివేటప్పుడు అర్థం కానిది ఉంటే శనివారం మధ్యాహ్నం రా. షాఫ్టూ బేరింగూ చేత్తో పట్టుకుంటే పుస్తకం దానంతటదే అర్థమవుతుంది."

అక్క గేటు దాకా వచ్చి, పెట్టెల వైర్లు కట్టే రబ్బరు బ్యాండు ఒకటి ఇచ్చి, "ముందు ఆ పాయ సంగతి చూడు," అంది. బస్సులో దారి పొడవునా పిన్నమ్మా అని పిలుస్తూనే ఉన్నారు. అమ్మడు ప్రతిసారీ పలికింది. చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది. ఆ ఆకలికి కూడా ఎవరికో దణ్ణం పెట్టుకోవాలనిపించింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అన్నయ్య ఫారం ప్రింటు తీసుకొచ్చి, తన గుండ్రటి అక్షరాలతో నింపేసి కూడా పెట్టాడు. "సంతకం పెట్టి మార్కుల జాబితా జత చెయ్యి, చాలు," అన్నాడు. ఫారం పైన ఆమె పూర్తి పేరు, దాని కింద 'సిఫారసు చేసినవారు' అన్నచోట అన్నయ్య పేరు. రెండింటినీ ఎంత జాగ్రత్తగా రాశాడో.

భోజనాల దగ్గర నాన్న అడిగాడు. "ఏమ్మా, రెండ్రోజులు కంపెనీలన్నీ తిరిగావు. ఏం నేర్చుకున్నావు?"

అమ్మడు పిన్ను కథంతా చెప్పింది. ఒక్కటి కూడా దాచలేదు. పిన్ను తొడుగులోంచి 'టింగ్'మందన్నప్పుడు నానమ్మ నవ్వి నవ్వి దగ్గింది. నాన్నకి మహా ఆనందమైంది.

"అంటే ఎనిమిది పెట్టెలు విప్పించి, నూట పన్నెండు స్క్రూలు లెక్కపెట్టి, పిన్ను మాత్రం కాలికి కట్టుకుని తిరిగావన్నమాట! ఆదివారం మీ మేనత్త వస్తోంది. ఈ కథ దానికి చెప్పాల్సిందే."

"చెప్పు నాన్నా. బావుంటుంది," అంది అమ్మడు.

నాన్న కొంచెం తికమకపడ్డాడు. ఆ ఇంట్లో ఎవరూ అంత సులువుగా ఒప్పుకోరు. "వాళ్ళు తిట్టలేదూ?" అంది అమ్మ.

"లేదమ్మా. లైను చూసుకునే ఆయన ముందు థాంక్స్ చెప్పాడు. తర్వాతే ఏమైందని అడిగాడు."

"విచిత్రమే," అంది అమ్మ. నానమ్మ మాత్రం మనవరాలి ముఖం చూస్తూ ఉంది.

అమ్మడు చెయ్యి కడుక్కుని వచ్చి మళ్ళీ తన చోట కూర్చుంది. ఫారం తీసి రెండు చేతులతో అన్నయ్య ముందుకి జరిపింది. సంతకం లేదు. అన్నయ్య కనుబొమలు ఎత్తాడు. నాన్న గ్లాసు ఎత్తబోయి ఆగాడు.

"అన్నయ్యా, నువ్వు నా కోసం మీ మేనేజర్ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డావు. అది నేను మర్చిపోను. నీ మాట పోకూడదు," అంది. గొంతు పెంచలేదు. తలా దించలేదు. ఒక్కొక్కరి ముఖమూ చూస్తూ చెప్పింది. "నేను మెషిన్ డిజైన్ ఫెయిలయ్యాను నాన్నా. అమ్మా, నానమ్మా, మీరూ వినండి. పంతొమ్మిది రోజులైంది... కాదు, పద్దెనిమిది. లెక్క కూడా తప్పుతున్నాను. ఆ సీటు వేరే ఎవరికైనా ఇమ్మని సోమవారం మీ మేనేజర్‌కి నేనే ఫోన్ చేసి చెబుతానన్నయ్యా. ఈసారి పరీక్ష మళ్ళీ రాస్తాను. పాసయ్యాక ఆ పెట్టెల ఫ్యాక్టరీలో ట్రైనింగ్‌కి వెళతాను. రేపు శనివారం, మధ్యాహ్నం భోజనానికి నాకోసం చూడకండి. బేరింగులు చూడటానికి వెళుతున్నాను."